పిల్లలమర్రికి సెలైన్ ఎందుకు ఎక్కించారు? | చెట్ల వైద్యం వెనక చరిత్ర

ఇవాళ ఒక ఫోటోతో మొదలుపెడదాం. వీడియో చూడకుండా ఇది చదువుతున్నవాళ్ల కోసం ఫోటోలో ఏముందో చెప్తాను. ఒక పెద్ద మర్రిచెట్టు. దాని కొమ్మల నుంచి ప్లాస్టిక్ సెలైన్ బాటిళ్లు వేలాడుతున్నాయి. ఒక్కో బాటిల్ నుంచి సన్నని ట్యూబు దిగి, చివరన సూది చెట్టు కాండంలోకి పోయింది. హాస్పిటల్ వార్డులో మంచం మీద పేషెంట్‌కి గ్లూకోజ్ ఎక్కించినట్టే ఉంది. ఇది 2018 ఏప్రిల్‌లో మన మహబూబ్‌నగర్‌లో తీసిన ఫోటో. అప్పట్లో విదేశీ న్యూస్ చానళ్లలో కూడా వచ్చింది. వాట్సాప్‌లో అయితే చాలామంది ఫేక్ అనుకున్నారు, మార్ఫింగ్ అన్నారు. కాదు, నిజమే. ఆ పేషెంట్ పేరు పిల్లలమర్రి.

చెట్టుకు వైద్యం ఏంటి, అది అడవిలో దానంతట అది బతకదా అని మీకు అనిపించొచ్చు. అందుకే ఈ ఎపిసోడ్. మధ్యలో మీ ఇంటి ముందు ఉన్న యాపచెట్టు సంగతి కూడా వస్తుంది, కాబట్టి స్కిప్ చేయకండి.

ముందు పేరు కన్‌ఫ్యూజన్ తీర్చేద్దాం. పిల్లలమర్రి అని గూగుల్ చేస్తే రెండు ఊర్లు వస్తాయి. ఒకటి సూర్యాపేట పక్కన, పాత నల్గొండ జిల్లాలో ఉంది. అక్కడ కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన గుడులు ఉన్నాయి. పిల్లలమర్రి పినవీరభద్రుడు అనే కవి ఇంటిపేరు కూడా మీరు టెన్త్ క్లాసులో వినే ఉంటారు. అది వేరే ఎపిసోడ్. మనం మాట్లాడుకునేది పాలమూరు పిల్లలమర్రి గురించి. మహబూబ్‌నగర్ టౌన్‌కి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇక్కడ పిల్లలమర్రి అంటే ఊరు కాదు, చెట్టే. పిల్లలు అంటే ఊడలు దిగి మానులైన పిల్ల చెట్లు. తల్లి చుట్టూ పిల్లలు నిలబడ్డట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. సుమారు మూడు ఎకరాల్లో పరుచుకుంది. దూరం నుంచి చూస్తే ఆకుపచ్చ గుట్టలా కనిపిస్తుంది, లోపలికి పోతే పెద్ద హాల్లో నిలబడ్డట్టు ఉంటుంది.

వయసు ఏడు వందల ఏళ్లు అంటారు. బోర్డు మీద అదే ఉంటుంది, మనం కూడా అదే చెప్పుకుంటాం. కానీ ఒక విషయం. చలిదేశాల్లో చెట్టును అడ్డంగా కోస్తే ఏడాదికో వలయం కనిపిస్తుంది, లెక్కపెట్టి వయసు చెప్పేస్తారు. మర్రికి ఆ సౌకర్యం లేదు. మన వాతావరణంలో దానికి నమ్మదగ్గ వార్షిక వలయాలు పడవు. పైగా ఇన్ని మానుల మధ్య మొదటి మాను ఏదో ఎవరు చెప్పగలరు? కాబట్టి ఏడు వందలు అనేది తరతరాలుగా జనం నోట వచ్చిన లెక్క. నాకు ఆ లెక్క మీద గొడవ లేదు. చెట్టు ముందు నిలబడితే మీకూ ఉండదు.

ఇప్పుడు అసలు పాయింట్. మర్రి ఎలా నిలబడుతుంది?

మామిడి, యాప, చింత... వీటికి ఒకటే కాండం. కొమ్మ ఎంత పొడుగు పెరిగితే మొదట్లో అంత బరువు పడుతుంది. ఒక హద్దు దాటితే విరుగుతుంది. మర్రి ఈ సమస్యను వేరే రకంగా సాల్వ్ చేసుకుంది. కొమ్మ నుంచి ఊడ దిగుతుంది. మొదట తాడులా గాలిలో ఊగుతుంది. నేల తాకిందా, వేరు పడుతుంది. అక్కడి నుంచి లావెక్కి స్తంభంలా మారుతుంది. ఇప్పుడు కొమ్మ బరువు ఆ స్తంభం మీద. నీళ్లు కూడా అక్కడి నుంచే వస్తాయి. కాబట్టి కొమ్మ ఇంకా ముందుకు పోవచ్చు, ఇంకో ఊడ దించొచ్చు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు మా టీమ్‌లో రోజూ వినిపించే మాట ఒకటుంది, సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఒక సర్వర్ పడిపోతే మొత్తం సిస్టమ్ పడిపోకూడదు, లోడ్ పంచాలి అని. మర్రిచెట్టు ఈ పని ఎన్నడో చేసి పెట్టింది.

ఇది ఊరికే పోలిక కాదు, ప్రూఫ్ ఉంది. కోల్‌కతా పక్కన హౌరా శిబ్‌పూర్‌లో బొటానికల్ గార్డెన్ ఉంది. అక్కడి మర్రి చాలా ఫేమస్. 1864లో ఒకటి, 1867లో ఒకటి, రెండు పెద్ద తుఫాన్లు దాన్ని కొట్టాయి. కొమ్మలు విరిగాయి, గాయాలయ్యాయి, గాయాల్లో ఫంగస్ పట్టింది. అసలు కాండం మెల్లగా కుళ్లిపోయింది. చివరికి 1925లో ఆ మూల కాండాన్ని పూర్తిగా కోసి తీసేశారు. మనిషికి గుండె తీసేసినట్టు అనుకోండి. చెట్టు చచ్చిపోయిందా? లేదు. ఈ రోజు మూడు వేలకు పైగా ఊడల మీద అది నిలబడి ఉంది, ఇంకా పరుచుకుంటూనే ఉంది. మన పక్కనే కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కూడా అంతే, 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. ఊడలు నేల మీదికి దిగుతున్నంత కాలం మర్రికి ముసలితనం అనేది పెద్దగా లెక్క కాదు.

మరి పాలమూరు చెట్టుకు ఏమైంది?

మనమే అయ్యాం. పిల్లలమర్రి టూరిస్ట్ స్పాట్. పక్కన మ్యూజియం, జింకల పార్కు. ఆదివారం వస్తే కుటుంబాలు, స్కూల్ పిల్లల బస్సులు. అందరూ చేసే మొదటి పని ఏంటి? కింద వాలిన కొమ్మెక్కి కూర్చోవడం, ఊడ పట్టుకుని ఊగడం, కాండం మీద పేరు చెక్కడం. లవ్ సింబల్ కూడా. ఒక్కొక్కరికి అది ఒక్క నిమిషం సరదా. చెట్టు వైపు నుంచి ఆలోచించండి. గాలిలో ఉన్న లేత ఊడ చాలా సున్నితం. పట్టుకుని ఊగితే తెగుతుంది. నేల దాకా రాకముందే తెగితే స్తంభం తయారుకాదు. ఈలోపు కొమ్మ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, బరువు పెరుగుతూనే ఉంటుంది. ఇక కింద ఏళ్ల తరబడి వేల కాళ్లు తొక్కితే నేల గట్టిపడి సిమెంటులా అవుతుంది. గాలి పోదు, నీళ్లు ఇంకవు. పేరు చెక్కిన చోట బెరడు తెరుచుకుంటుంది, అది పురుగుకీ ఫంగస్‌కీ డోర్ తీసిపెట్టినట్టే.

ఆ డోర్ లోంచి వచ్చినవి చెదలు. మర్రి కట్టె టేకులా గట్టిది కాదు, మెత్తగా ఉంటుంది. చెదలు లోపల తినుకుంటూ పోతాయి, బయట నుంచి చూస్తే ఆకు పచ్చగానే ఉంటుంది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. అప్పుడు అందరికీ మెలకువ వచ్చింది. డిసెంబరు 20 నుంచి టూరిస్టులను ఆపేశారు. ఆ తర్వాత చెట్టు బాధ్యత టూరిజం శాఖ నుంచి ఫారెస్ట్ శాఖ చేతికి వచ్చింది.

ఇక్కడ నుంచి కథ నాకు చాలా నచ్చుతుంది. ఎందుకంటే వాళ్లకు మొదటి ప్రయత్నంలో సక్సెస్ రాలేదు. అప్పటి అధికారులు పత్రికలకు చెప్పిన ప్రకారం, ముందు కాండానికి రంధ్రాలు చేసి మందు లోపలికి ఇంజెక్ట్ చేశారు. అది నిలవలేదు, పోసింది పోసినట్టు బయటికి కారిపోయింది. ఒకేసారి ఎక్కువ పోస్తే చెట్టు తాగలేదు కదా. అప్పుడు వచ్చిన ఐడియా సెలైన్. చుక్క చుక్కగా ఇస్తే? క్లోర్‌పైరిఫాస్‌ను బాగా పలచగా కలిపి బాటిళ్లలో నింపారు. సుమారు రెండు మీటర్లకు ఒకటి చొప్పున వేలాడదీశారు. అలా వందల బాటిళ్లు. చెట్టు కట్టెలో నీళ్లు నడిచే సన్నని దారులు ఉంటాయి, మందు మెల్లగా అందులో ఇంకింది. ఈసారి పని చేసింది.

మిగతా పనులు కెమెరాకు అంత అందంగా కనపడవు, కానీ నా దృష్టిలో అవే అసలు వైద్యం. వేళ్ల దగ్గర కూడా పలచని మందు పోశారు. వాలిపోతున్న బరువైన కొమ్మల కింద కాంక్రీటు పిల్లర్లు కట్టారు. లేత ఊడలకు పైపులు తొడిగి, అందులో మట్టి, ఎరువు నింపి నేల దాకా దింపారు. పైపులో తడి ఉంటుంది, ఎవరి చెయ్యీ తగలదు, ఊడ తొందరగా కిందికి వస్తుంది. నేల పట్టుకున్నాక ఇక అదే పిల్లర్. అంటే కాంక్రీటు పిల్లర్ టెంపరరీ, ఊడ పర్మనెంట్.

ఒక మాట పక్కన పెట్టాలి. క్లోర్‌పైరిఫాస్ అమృతం కాదు. మన పత్తి రైతులకు ఈ పేరు బాగా తెలుసు. ఘాటైన పురుగుమందు. మనుషుల నరాల మీద, ముఖ్యంగా పసిపిల్లల మీద ప్రభావం ఉంటుందన్న కారణంతో 2020లో యూరోపియన్ యూనియన్ దాన్ని ఆపేసింది. గేటు మూసి, జనం లేకుండా, ట్రైనింగ్ ఉన్నవాళ్లు వాడారు కాబట్టి సరే. ఈ వీడియో చూసి ఇంట్లో జామచెట్టుకు సెలైన్ పెట్టకండి. ఆ కాయ మీ తమ్ముడే తింటాడు.

సరే, చెట్టును పేషెంట్‌లా చూడటం కొత్తదా? అసలు కాదు. సుమారు వెయ్యేళ్ల కింద సురపాలుడు అనే పండితుడు సంస్కృతంలో వృక్షాయుర్వేదం రాశాడు. మనిషికి ఎలా వాత, పిత్త, కఫాలు ఉన్నాయంటారో, చెట్టుకూ అలాగే ఉన్నాయని, ఏ లక్షణానికి ఏ మందో అందులో చెప్పాడు. మాంసం, ఎముకల లాంటివి ఉడికించి, పులియబెట్టి చేసే కుణపజలం అనే ద్రవ ఎరువు కూడా అందులోనే ఉంది. వాసన ఊహించుకోండి. దీని రాతప్రతి ఇంగ్లండ్‌లో, ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉండిపోయింది. దాన్ని తెప్పించి, నళినీ సాధలే గారితో ఇంగ్లీషులోకి అనువాదం చేయించి 1996లో అచ్చు వేసింది ఎవరనుకుంటున్నారు? మన సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రవేత్త వై.ఎల్. నెనె పెట్టిన సంస్థ. అందులోని ప్రతి మందూ పనిచేస్తుందని నేను అనడం లేదు. చెట్టును పరీక్షగా చూడాలి, లక్షణం పట్టాలి అన్న ఆలోచన అప్పటికే ఉందని చెప్తున్నా.

అటు అమెరికాలో దీన్ని వృత్తిగా మార్చింది జాన్ డేవీ. ఇంగ్లండ్ నుంచి వలస పోయి ఒహాయోలో స్థిరపడ్డాడు, 1901లో చెట్ల డాక్టర్ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేశాడు. ఆ రోజుల్లో చెట్టుకు తొర్ర పడితే పంటి డాక్టర్ లాగా కుళ్లు గీకేసి సిమెంటు నింపేవాళ్లు. చాలా ఏళ్లు అదే గొప్ప పద్ధతి. తర్వాత అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వచ్చాడు. అమెరికా ఫారెస్ట్ సర్వీస్‌లో చైన్ రంపం పట్టుకుని వేల చెట్లను నిలువునా చీల్చి లోపల ఏం జరుగుతుందో చూశాడు. 1970ల్లో ఆయన తేల్చింది ఇది: చెట్టు గాయం మన చర్మంలా మానదు. పాడైన భాగం చుట్టూ చెట్టు గోడలు కట్టి, దాన్ని లోపలే బంధించి, బయట కొత్త కట్టె పెంచుకుంటుంది. అంటే మీరు లోపల గీకి సిమెంటు నింపితే, చెట్టు కట్టుకున్న గోడను మీరే పగలగొట్టినట్టు. ఇప్పుడు మన వీధుల్లో చూడండి, తొర్రల్లో సిమెంటు ఇంకా నింపుతూనే ఉన్నాం.

ఇక మీ ఇంటి దగ్గరికి వద్దాం.

నల్గొండ, మహబూబ్‌నగర్‌లో ఎండ సంగతి మీకు చెప్పేదేముంది. ఏప్రిల్, మే వచ్చిందంటే మధ్యాహ్నం దాకా నిప్పులు, సాయంత్రం ఒక్కసారిగా గాలిదుమారం, నాలుగు చినుకులు, కరెంటు కట్. పొద్దున లేచి చూస్తే ఏదో ఒక వీధిలో చెట్టు పడి ఉంటుంది. గాలి వల్ల పడింది అంటాం. నిజానికి చాలాసార్లు గాలి చివరి తోపు మాత్రమే. చెట్టు వేళ్లు మనం అనుకున్నట్టు పాతాళానికి పోవు. ఎక్కువ భాగం పై మూడు నాలుగు అడుగుల్లోనే, కొమ్మల నీడ దాటి చుట్టూ పరుచుకుంటాయి. మన దగ్గర చాలాచోట్ల పైన ఎర్ర చల్క, కింద రాయి, కాబట్టి ఇంకా పైపైనే ఉంటాయి. ఇప్పుడు ఒక పక్క సంపు తవ్వారు, వేళ్లు తెగాయి. ఇంకో పక్క సీసీ రోడ్డు, డ్రైనేజీ. మొదట్లో గద్దె కట్టి గొంతు దాకా సిమెంటు. పైన కరెంటు తీగల కోసం ఒక వైపు కొమ్మలన్నీ నరికారు, బరువంతా రెండో వైపు. ఇన్ని చేశాక దుమారం వస్తే పడక ఏం చేస్తుంది?

దీంట్లో డబ్బు లెక్క ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంటి ముందు చెట్టు తీయాలంటే ఎవరిని పిలుస్తాం? కట్టె కొట్టేవాళ్లను. చెట్టు పెద్దదైతే కూలీ కూడా తక్కువే అడుగుతారు, కట్టె మాకిచ్చేయండి చాలు అంటారు. వాళ్ల తప్పేం లేదు, అది వాళ్ల బతుకుదెరువు. కానీ ఈ చెట్టు ఉంచొచ్చా, తీయాలా అనే సలహా కూడా మనం వాళ్లనే అడుగుతున్నాం. చెట్టు ఉంచితే వాళ్లకు రూపాయి రాదు. చూసి, తట్టి, రెండు కొమ్మలు తీస్తే చాలు అని చెప్పేవాడికి ఫీజు ఇచ్చే అలవాటు మనకు లేదు. పిల్లలమర్రి లక్కీ, దాని వెనక ఒక డిపార్ట్‌మెంట్ ఉంది. మీ యాపచెట్టుకు మీరు తప్ప ఎవరూ లేరు.

యాపచెట్టు అన్నాను కాబట్టి 2021 గుర్తుచేస్తా. ఆ ఏడాది తెలంగాణ అంతా యాపచెట్లు కొసల నుంచి ఎండిపోతూ వచ్చాయి. పచ్చగా ఉండాల్సిన చెట్టు కాలినట్టు గోధుమ రంగులోకి మారింది. ఊళ్లలో ఒకటే భయం, యాపకు ఏదో అరిష్టం అని. చాలామంది చచ్చిపోయిందనుకుని కొట్టించేశారు కూడా. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అది ఫోమోప్సిస్ అనే ఫంగస్ వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు అని చెప్పారు, తొందరపడి చెట్లు నరకొద్దన్నారు. ఆగినవాళ్ల చెట్లు చాలావరకు మళ్లీ చిగురేశాయి. కొట్టినవాళ్లకు కట్టె మిగిలింది, అంతే.

కొమ్మ తీయాల్సి వస్తే ఎలా తీయాలి? షైగో చెప్పిన పద్ధతే. కొమ్మ కాండానికి కలిసే చోట చిన్న ఉబ్బు ఉంటుంది, ఉంగరంలా. చెట్టు గోడ కట్టుకునేది అక్కడే. ఆ ఉబ్బును వదిలేసి దాని బయట కోయాలి. కాండానికి అంటుకునేలా నున్నగా కోయొద్దు, అడుగు పొడుగు మొండెం కూడా వదలొద్దు. బరువైన కొమ్మ అయితే ముందు కొంచెం దూరంలో కింది నుంచి సగం లోపు ఒక కోత, తర్వాత ఇంకా బయట పై నుంచి ఇంకో కోత, కొమ్మ పడిపోయాక చివరి కోత ఉబ్బు దగ్గర. ఇలా చేయకపోతే కొమ్మ పడేటప్పుడు బెరడును చీల్చుకుంటూ కిందికి లాక్కుపోతుంది. చెట్టు తల మొత్తం నరికి మొండిగా వదిలేయడం అన్నిటికంటే దరిద్రం. అక్కడి నుంచి వచ్చే కొత్త రెమ్మలు పైపైన అతుక్కుని ఉంటాయి, నాలుగేళ్ల తర్వాత దుమారానికి విరిగేది అవే. కరెంటు తీగలు దగ్గరుంటే మాత్రం హీరోయిజం వద్దు, లైన్‌మన్‌ను పిలిచి సప్లై ఆపించాకే ఎవరైనా చెట్టెక్కాలి.

పూర్తిగా తీసేయాల్సి వస్తే, 2002 నాటి వాల్టా చట్టం ఉంది. కొన్ని రకాలకు మినహాయింపు ఉంది కానీ మామూలుగా చెట్టు కొట్టాలంటే పర్మిషన్ కావాలి. అది మీ సొంత స్థలమైనా సరే.

చెట్టును తీసి ఇంకోచోట పెట్టొచ్చుగా అని అడుగుతారు. శ్రీశైలం డ్యామ్ కట్టినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయం మునుగుతుందని, రాయి రాయి విప్పి తెచ్చి మన పాత పాలమూరు జిల్లా అలంపురంలో మళ్లీ కట్టారు. రాళ్లకు నంబర్లు వేయొచ్చు. వేళ్లకు వేయలేం, ఎంత జాగ్రత్తగా తవ్వినా చాలావరకు తెగుతాయి. అయినా మర్రి మొండిది. రాజన్న సిరిసిల్ల జిల్లా సుద్దాలలో వానలకు కూలిపోయి నెలల తరబడి పడి ఉన్న పాత మర్రిని 2022లో క్రేన్లతో లేపి, జిల్లెల్ల దాకా తీసుకెళ్లి నాటారు. దానికి పెట్టిన ఖర్చు, శ్రమ చూస్తే మామూలు ఇంటివాడికి అది అయ్యే పని కాదు. అందుకే హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా కొడంగల్ వైపు పోయే రోడ్డు పక్కన తొమ్మిది వందలకు పైగా ఉన్న మర్రిచెట్ల కోసం జనం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయారు. రోడ్డు వెడల్పు కావాల్సిందే, అక్కడ జరిగిన యాక్సిడెంట్లు మనకు తెలుసు. నా అభిప్రాయం అయితే, చెట్లను ఉన్నచోటే మధ్యలో ఉంచి రోడ్డు వేయగలిగిన చోట క్రేన్ పిలవడం ఎందుకు?

పిల్లలమర్రి ఇప్పుడెలా ఉంది అంటే, బాగుంది. 2025 మే 16న మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలను తీసుకొచ్చి మరీ చూపించారు. కొమ్మెక్కి కూర్చుని ఫోటో దిగే రోజులు మాత్రం పోయాయి. మీరు పోతే పైపుల లోంచి దిగిన ఊడల కోసం చూడండి. కొన్ని ఇంకా మన చేతి మణికట్టంత లావే ఉంటాయి. వాటిని ముట్టుకోకండి, జూమ్ చేసి ఫోటో తీసుకోండి.

సరే ఫ్రెండ్స్, సూర్యాపేట పిల్లలమర్రి గుడుల ఎపిసోడ్‌తో మళ్లీ కలుద్దాం. ఉంటాను.